నలభై దాటిన కళ్లకు వ్యాయామమొక్కటే చాలదు

పొందూరు సన్నఖాదీకి నూలు వడికేది ఎక్కువగా మహిళలే. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేయడం మొదలు సన్నని పోగు తీయడం వరకు అంతా దగ్గరి చూపుతో చేసే పనే. నలభై దాటాక ఆ చూపే మందగిస్తుంది. చాలామందిలో పెరిమెనోపాజ్ మొదలయ్యేదీ అప్పుడే.

ఈ రెండింటినీ ఒకటే అనుకోవద్దు. హార్మోన్ల మార్పులతో కన్నీటి పొర దెబ్బతింటే కళ్లు పొడిబారి మండుతాయి. వయసుతో కంటి కటకం బిరుసెక్కితే దగ్గరి అక్షరాలు మసకబారతాయి.

మొదటిదానికి రెప్పలు పూర్తిగా మూసి తెరవడం, గోరువెచ్చని కాపడం ఊరటనిస్తాయి. ప్రతి 20 నిమిషాలకు 20 సెకన్లపాటు 20 అడుగుల దూరం చూస్తే అలసటా తగ్గుతుంది. కటకాన్ని మాత్రం ఏ వ్యాయామమూ మెత్తబరచలేదు. దానికి కళ్లజోడే దారి.

అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటినవారికి దగ్గరి చూపు అద్దాలిస్తే, ఇవ్వనివారితో పోలిస్తే ఆకు కోత సుమారు 22 శాతం పెరిగిందని 2018లో ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ అధ్యయనం తేల్చింది.

మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు తొలి రెండు దశలు బడిపిల్లలకు, మూడోది 60 దాటినవారికి. నడివయసు మహిళ వంతు వెనకబడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇకపై జరిగే శిబిరాలు ఆమెతోనే మొదలవ్వాలి. ఇంట్లోనూ అంతే. పిల్లల కళ్లజోడుకు వెళ్లిన రోజే అమ్మ కళ్లూ చూపించండి. హఠాత్తుగా చూపు తగ్గినా, తీవ్రమైన నొప్పి వచ్చినా, మెరుపులు కనిపించినా వ్యాయామాలతో కాలయాపన చేయకుండా వెంటనే నేత్రవైద్యులను కలవండి.