మన పేడ మనకే కిలో యాభై రూపాయలు

పోయిన నెల మా గార్డెనింగ్ గ్రూపులో ఒక కొలీగ్ గర్వంగా ఫోటో పెట్టాడు. బాల్కనీలో వరసగా పన్నెండు సంచులు, వాటి మీద పచ్చరంగులో "లివింగ్ ఆర్గానిక్ సాయిల్" అని. "ఫైనల్‌గా కెమికల్ ఫ్రీ!" అని కింద ఓ కామెంటు. దానికి నలభై బొటనవేళ్ళు. నేనూ ఒకటి కొట్టాను, అబద్ధమెందుకు. కానీ అప్పట్నుంచీ కడుపులో తిప్పుతూనే ఉంది. ఇక్కడ కక్కేస్తే గానీ కుదిరేట్టు లేదు.

ఎందుకంటే మూడేళ్ళ క్రితం నేనూ ఇలాంటి సంచే కొన్నాను. వర్మీకంపోస్టు, 5 కిలోలు, 249 రూపాయలు, ఫ్రీ డెలివరీ. సంచి వెనక్కి తిప్పి చూస్తే తయారీ చిరునామా మా చిత్తూరు జిల్లా! మాది రామకుప్పం మండలం. దసరాకి ఊరికి పోతూ సగం మిగిలిన ఆ సంచి వెంట తీసుకుపోయాను, నాయనకు చూపిద్దామని. అమ్మ గుప్పెడు తీసుకుని వేళ్ళతో నలిపి, వాసన చూసి, "ఏమిరా, పేడ దుడ్లు పెట్టి కొనుక్కొచ్చినావా" అంది. నాయన ఏమీ అనలేదు. ఆ వారమే ఆయన కొట్టం వెనక దిబ్బను ఒక ట్రాక్టరు లోడు 3,500 రూపాయలకు అమ్మేసి ఉన్నాడు. ఆ డబ్బుకి ఇంకాస్త అప్పు కలిపి డీఏపీ బస్తాలు తెచ్చాడు.

అంటే లెక్క ఇలా ఉంది: ఊళ్ళో పేడ బయటికి పోతుంది, బస్తా లోపలికొస్తుంది. పోయిన పేడ ఎండి, జల్లెడ పట్టించుకుని, బొమ్మ అచ్చేసిన సంచిలో దూరి, కిలో యాభై రూపాయలై నా బాల్కనీకి చేరుతుంది. ఎరువు అమ్మి ఎరువు కొనే ఇల్లు మాది. సాయిల్ హెల్త్ కార్డులో మా చేనికి సేంద్రియ కర్బనం 0.28 శాతం అని వచ్చింది. 0.5 లోపు ఉంటే "తక్కువ" అని రాస్తారు. మాది తక్కువలో తక్కువ.

ముందు ఆ "లివింగ్" అనే మాట సంగతి చూద్దాం. మన దేశంలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు 1985 నాటిది. సేంద్రియ ఎరువులకు అందులో 2006లో చోటిచ్చారు. దాని ప్రకారం వర్మీకంపోస్టులో తేమ 15 నుంచి 25 శాతం ఉండాలి, సేంద్రియ కర్బనం కనీసం 18 శాతం, నత్రజని కనీసం 1 శాతం. నకిలీని ఆపడానికి ఈ కొలతలు మంచివే, నాకేం తగాదా లేదు. కానీ ఎర్రలు (వానపాముల్ని మావైపు అలాగే అంటాం) బతికే మడిలో తేమ 60 శాతం పైమాటే. అక్కణ్ణుంచి 20కి ఆరబెట్టి, జల్లెడ పట్టి, ప్లాస్టిక్కులో కట్టి, గోడౌనులో ఆర్నెల్లు పెడితే అందులో బతికున్నవి ఎన్ని మిగులుతాయో మీరే ఆలోచించండి. అది మంచి ఎరువే. ప్రాణమున్న మట్టి అని దానికి పేరు పెట్టడం మాత్రం సర్వర్ ఆపేసి అప్‌టైమ్ గురించి మాట్లాడినట్టు.

ఇక "పాటింగ్ మిక్స్" అయితే ఇంకా ఘోరం. అందులో ఎక్కువ భాగం కొబ్బరి పీచు పొట్టు, అదే కోకోపీట్. నీరు బాగా పడుతుంది, తేలిగ్గా ఉంటుంది, అపార్టుమెంటు స్లాబుకి బరువు కాదు, ఒప్పుకుంటాను. కానీ మొక్కకి తిండి పెట్టే విషయంలో అది దాదాపు ఖాళీ గిన్నె. సరిగ్గా కడగకపోతే ఉప్పు కూడా ఉంటుంది. మొదటి నెల మొక్క పచ్చగా ఎగిరి గంతేస్తుంది, రెండో నెల ఆకులు పసుపు. అప్పుడు ఏం చేస్తాం? అదే కంపెనీ వాడి "ఆర్గానిక్ బూస్టర్" సీసా కొంటాం. మన భాషలో దీన్ని వెండర్ లాక్-ఇన్ అంటారు. ఆఫీసులో ఒరాకిల్ లైసెన్సు మీద గంటసేపు తిట్టుకునే మనం ఇంటికొచ్చి మట్టికి సబ్‌స్క్రిప్షన్ కడుతున్నాం.

ఇటువైపు ఇలా ఉంటే అటువైపు ఇంకో గుంపు ఉంది. ఎర్రల ఎరువు పేరెత్తితే చాలు కొట్టడానికొస్తారు. సుభాష్ పాలేకర్ గారి అనుచరులు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి జీరో బడ్జెట్ ప్రకృతి వ్యవసాయం ప్రభుత్వమే నడుపుతోంది కాబట్టి మా ఊళ్ళోనూ పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, 200 లీటర్ల నీళ్ళు అని జీవామృతం లెక్క పిల్లలకి కూడా వచ్చు. మంచిదే, మేమూ చేస్తాం. పాలేకర్ గారు చెప్పేదేమంటే, వర్మీకంపోస్టులో వాడే ఐసీనియా ఫెటిడా అసలు వానపామే కాదు, విదేశాల నుంచి తెచ్చిన జంతువు, మట్టిని తినదు, నేలను పాడుచేస్తుంది అని.

ఇందులో సగం నిజం, సగం ఆవేశం. ఐసీనియా మట్టిని దున్నదు, నిజమే. అది పైపైన కుళ్ళే పేడలో, ఆకుల్లో బతికే జాతి. మన ఎర్రనేలలో వాన పడ్డాక బొరియలోంచి బయటికొచ్చి కుప్పలు పెట్టేది వేరే జాతి, దక్షిణాదిలో మామూలుగా కనబడే లాంపిటో మారిటీ లాంటివి. కాబట్టి ఆన్‌లైన్‌లో ఎర్రలు తెప్పించి పూలకుండీలో వదిలేవాళ్ళు వాటిని ఆకలికి చంపుతున్నారు, పాలేకర్ గారి మాట వాళ్ళకి సరిగ్గా తగులుతుంది. కానీ వానపాము కాదు అనడం మాత్రం జీవశాస్త్రం కాదు. అది వానపామే. గేదెతో మడక దున్నిస్తే రాదని గేదెను పశువే కాదంటామా? దాని పని పాలివ్వడం. ఐసీనియా పని పేడని ఎరువు చెయ్యడం. పోనీ విదేశీ జాతి వద్దనుకుంటే మన దేశపుదే పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్ ఉంది, అదీ ఇదే పని చేస్తుంది, ఎండకి మన వాతావరణంలో ఇంకాస్త తట్టుకుంటుంది. (చార్లెస్ డార్విన్ తన చివరి పుస్తకం 1881లో వానపాముల మీదే రాశాడు. ఆయనకున్న ఓపికలో పదో వంతు మనకుంటే ఈ గొడవలన్నీ ఉండవు.)

సరే, ఇప్పుడు నాకు అందరికంటే ఎక్కువ ఒళ్ళు మండేది ఎవరి మీదో చెప్తాను. ఏసీ గదిలో కూర్చుని "రైతులు యూరియా ఎందుకు మానరు, వర్మీకంపోస్ట్ వెయ్యొచ్చుగా" అనేవాళ్ళ మీద. అయ్యా, ఒకసారి కాలిక్యులేటర్ తియ్యండి. ఎకరం టమాటాకి లెక్క కోసం 60 కిలోల నత్రజని అనుకుందాం. యూరియాలో 46 శాతం. అంటే 45 కిలోల బస్తాలు మూడు. సబ్సిడీ ధర బస్తా 266 రూపాయల 50 పైసలు. మొత్తం 800. అదే నత్రజని 1 శాతం ఉన్న వర్మీకంపోస్టు నుంచి రావాలంటే 6 టన్నులు. ఊళ్ళో దొరికే కిలో 8 రూపాయల ధరకే వేసుకున్నా 48,000. మీ సంచి ధరకైతే మూడు లక్షలు. మదనపల్లె మార్కెట్లో టమాటా ఒకరోజు బంగారం, మరునాడు రోడ్డు పక్కన పారబోత. ఆ జూదం ఆడేవాడిని 48,000 మట్టిలో పెట్టమని చెప్పడానికి మనకి నోరెలా వస్తుంది?

అందుకే నా వాదన ఇది: ఎర్రల ఎరువుని యూరియాకి బదులుగా అమ్మడం మోసం, కొనమని రైతుకి చెప్పడం ఇంకా పెద్ద మోసం. అది కొనే వస్తువు కాదు, ఇంట్లో చేసుకునేది. మా ఇంట్లో రెండు సంకరజాతి ఆవులు. రోజుకి ముప్పై కిలోల పేడ, ఏడాదికి పదకొండు టన్నులు. అందులో నూటికి ఎనభై పాళ్ళు నీళ్ళే. చెత్తాచెదారం కలిపినా చివరికి చేతికొచ్చేది మూడు టన్నులు. అంటే నత్రజని లెక్కలో అర ఎకరానికి. మిగతాది ఉలవ, కంది, గట్టున గ్లైరిసిడియా కొమ్మల నుంచి తెచ్చుకోవాలి, కొన్నేళ్ళు యూరియా కూడా కొంచెం పడుతుంది. పడనీండి, దాంతో ఎవరూ పాపాత్ములైపోరు. ఎరువు మాత్రం చేనంతా చల్లకుండా నాటేటప్పుడు గుంతకి వంద గ్రాములు వేస్తాం. ఎకరానికి ఏడు వేల మొక్కలంటే ఏడు వందల కిలోలు. ఇది మా చేతనవుతుంది.

చేసే పద్ధతి గురించి కూడా రాస్తాను, ఎందుకంటే ఇందులో డబ్బు ఎక్కడ తగలేస్తారో నాకు తెలుసు. షెడ్డు. పథకం కింద కట్టిన సిమెంటు తొట్లు మావైపు చాలా చోట్ల చూశాను. ఒకదాంట్లో కట్టెలు, ఒకదాంట్లో కోళ్ళు, ఒకదాంట్లో పాత డ్రిప్ పైపులు. మాకు కానుగ చెట్టు నీడే షెడ్డు. గోడలకి గ్రానైటు ముక్కలు. (కుప్పం గ్రీన్ అని ప్రపంచమంతా కొనే రాయి మా చుట్టుపక్కలదే, విరిగిన ముక్కలకి కరువేం లేదు.) అసలు ఎర్రలు రాకముందే, మామూలు దిబ్బని ఎండావానల్లోంచి తీసి నీడకి మార్చడంతోనే సగం పని అయిపోతుంది. ఎండకి నత్రజని ఆవిరై పోతుంది, వానకి కారి పోతుంది, అందుకే మామూలు దిబ్బ ఎరువులో అది అర శాతమే మిగులుతుంది. ఎర్రలు గొప్పవే, కానీ వాటికంటే ముందు నీడ.

పచ్చిపేడ నేరుగా వేస్తే వేడికి ఎర్రలు చస్తాయి. పది పదిహేను రోజులు తడుపుతూ మాగబెట్టాలి. గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. మేం మొదటిసారి చేసిన తప్పు ఇంకొకటి ఉంది. మావైపు పట్టుపురుగుల పెంపకం ఎక్కువ కదా, పక్కింటి పాకలోంచి మల్బరీ చెత్త గంపలకొద్దీ తెచ్చి వేశాం. ఎర్రలకి అమృతం అనుకున్నాం. మూడోరోజుకి పారిపోయినవి పారిపోగా మిగిలినవి తెల్లగా చచ్చి ఉన్నాయి. పురుగులకి జబ్బులు రాకుండా పాకలో సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లుతారు, అదంతా చెత్తలోనే ఉంది. అమ్మని అడిగుంటే ముందే చెప్పేది. నేను యూట్యూబుని అడిగాను. ఇప్పుడు సున్నం తగలని ఆకు, పుల్లలే వేస్తాం. నలభై ఐదు నుంచి అరవై రోజులకి పైభాగం టీపొడిలా అవుతుంది. వారం నీళ్ళు ఆపితే ఎర్రలు కిందికి దిగుతాయి, పైనుంచి ఎత్తుకోవడమే.

బాల్కనీకి కావాల్సిన మట్టి దీంట్లోంచే. ఎర్రమన్ను రెండు గంపలు, చెరువు ఒండ్రు ఒకటి, ఎర్రల ఎరువు ఒకటి, చెనిక్కాయ పొట్టు అర గంప. కలిపి, తడిపి, ఆకులు కప్పి నెల రోజులు వదిలెయ్యాలి. ఇరవై కుండీలకి మొదటి ఏడాది ప్యాకెట్లకి నాకైన ఖర్చు 6,400. తరవాతి ఏడాది బస్సు కుప్పం దాకా, అక్కణ్ణుంచి బెంగళూరు రైలు, లగేజీ, ఆటో అన్నీ కలిపి 900. రైల్లో ఒకాయన మూటలు చూసి రాగులా అని అడిగాడు. మన్ను అని చెప్పాను. కాసేపు నావైపు చూసి సీటు మారి కూర్చున్నాడు :)

ఆ చెరువు ఒండ్రు దగ్గరే నాకు భయం. మా తాతల కాలంలో ఎండాకాలం వస్తే బండ్లు కట్టి చెరువు మన్ను చేలకి తోలేవాళ్ళు. చెరువు లోతవుతుంది, చేను బలపడుతుంది. ఇప్పుడు అదే మన్ను ట్రాక్టర్లలో ఇటుకబట్టీలకి పోతోంది. ఒకసారి కాలిస్తే అది మళ్ళీ మట్టి కాదు. 1990ల చివర్లో మా కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సేద్యం మొదలైనప్పుడు డ్రిప్పు వచ్చింది, నీళ్ళలో కరిగే ఎరువులొచ్చాయి, యంత్రాలొచ్చాయి. డ్రిప్పు నిజంగా మేలు చేసింది, నేను కాదనను. కానీ ఆ మోజులో మట్టి అంటే మొక్క పడిపోకుండా పట్టుకునే వస్తువు అన్న ఆలోచన కూడా వచ్చి కూర్చుంది. డ్రిప్పు పైపు కింద 0.28 శాతం నేల. కోకోపీట్ కుండీకీ దానికీ తేడా ఏముంది?

ఇప్పుడు ఆ నేలనే మనం కొంటున్నాం. బెంగళూరు దగ్గర కాబట్టి మా సరిహద్దు మండలాల్లో "మేనేజ్డ్ ఫార్మ్‌ల్యాండ్" బోర్డులు మొలుస్తున్నాయి. పావు ఎకరం, నాలుగు మామిడి మొక్కలు, ఒక గేటు. కొనేది మనమే. మా ఊళ్ళో అలా అమ్మిన ఇద్దరు మొదట ఆవుల్ని అమ్మేశారు, మేపడానికి చోటు లేక. ఆవులు పోయాయి, దిబ్బ పోయింది. ఇక ఆ పావు ఎకరాలకి ఎరువు సంచుల్లోనే వస్తుంది, కిలో యాభై.

మా నాయన పోయిన ఏడాది నుంచి దిబ్బ అమ్మడం ఆపాడు. నేను చెప్పినందుకు కాదు. లోడు డబ్బు నేను నెలనెలా పంపుతానని ఒప్పుకున్నందుకు. ఎరువు కలపడానికి మనిషి కూలీ కూడా నాదే. ఇది నిలబడే వ్యాపారం కాదని నాకు తెలుసు, నా జీతం ఆగితే అదీ ఆగుతుంది. రెండేళ్ళకి మళ్ళీ మట్టి పరీక్ష చేయిద్దాం అన్నాడు నాయన. గుంతకి వంద గ్రాములతో అంకె పెద్దగా కదలదనే అనుకుంటున్నాను. కదలకపోతే అప్పుడు కూడా వచ్చి ఇక్కడే రాస్తాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఎర్రలు ఊరికే ఇస్తాం, అమ్మ ఒప్పుకుంది. కొరియర్ చెయ్యను, రామకుప్పం దాకా వచ్చి డబ్బాలో పట్టుకుపోండి. మధ్యాహ్నం వస్తే సంగటి కూడా ఉంటుంది.