డ్యూటీ నంబరు ఎవరి జేబులో ఉంది?



మీ ఫోను తీసి ‘దవాఖాన’ అని వెతికి చూడండి. చాలా ఇళ్లలో మూడు నాలుగు నంబర్లు బయటపడతాయి. ఒకటి కాన్పప్పుడు సిస్టరమ్మ ఇచ్చిన సొంత నంబరు. ఒకటి ఎప్పటిదో ల్యాండ్‌లైను. ఇంకొకటి పాత డ్రైవరుది. వీటిలో ఈ రాత్రి ఏది మోగుతుందో, మోగినా ఎవరు ఎత్తుతారో మీకు తెలియదు. ఆ సిస్టరు ఊరు మారి రెండేళ్లయి ఉండవచ్చు. అర్ధరాత్రి నిద్రలో లేచి, "నేనిప్పుడు అక్కడ లేనమ్మా, ఇంకో నంబరు చెప్తా రాసుకో" అంటుంది. పెన్ను దొరకదు. రెండో నంబరు బిజీ వస్తుంది. పాము కరిచినవారికి, నొప్పులు పడుతున్న తల్లికి ఆ అరగంట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర లేదు.

అందుకే నేను కోరేది ఒకటి. ఆసుపత్రి నంబరు మనిషి పేరు మీద కాక, పని పేరు మీద ఉండాలి. మనిషి మారినా నంబరు మారకూడదు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవను చూడండి. ఆ బండిలో ఈ రోజు ఎవరున్నారు, డ్రైవరు పేరేమిటి అని మనం ఎప్పుడైనా అడిగామా? మూడు అంకెలు నొక్కుతాం, డ్యూటీలో ఉన్నవారు పలుకుతారు. చదువు రాని అవ్వకు కూడా ఆ నంబరు నోటికి వచ్చు.

చిన్న ఆసుపత్రికి, సంఘ కార్యాలయానికి ఇదెలా సాధ్యం అని అడుగుతారు. ఇక్కడే ‘సింక్’ అనే మాట వస్తుంది. భయపడవలసిన మాట కాదు. మామూలు బటన్ల ఫోను రోజుల్లో నంబర్లన్నీ సిమ్ములో ఉండేవి. ఒక సిమ్ములో ఉజ్జాయింపున 250 పేర్లు పట్టేవి. ఫోను బావిలో పడితే నంబర్లూ బావిలోనే. ఆఫీసు జాబితా టైపు చేయించి, జిరాక్సు తీసి అందరికీ పంచేవారు. నెల తిరక్కుండానే ఒక నంబరు మారేది. అది కొందరి కాగితంలో దిద్దబడేది, కొందరి కాగితంలో అలాగే ఉండిపోయేది.

సింక్ అంటే జిరాక్సు కాదు. పుస్తకం ఒక్కటే, అది అందరి ఫోన్లలోనూ కనిపిస్తుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుంటుంది. ఇందులో సౌకర్యం ఎంతుందో ప్రమాదమూ అంతే ఉంది. ఒకరు పొరపాటున చెరిపితే అందరి ఫోన్లలోనూ చెరిగిపోతుంది. (గూగుల్ ఖాతాలో చెరిపిన పేర్లు 30 రోజుల వరకు చెత్తబుట్టలో ఉంటాయి. తర్వాత దొరకవు.) కాబట్టి చూసే హక్కు అందరికీ ఇవ్వవచ్చు, దిద్దే హక్కు మాత్రం ఇద్దరికి మించి ఇవ్వకూడదు. క్యాలెండరులో ఈ ఏర్పాటు సులువు. డ్యూటీ పట్టికను, క్యాంపు తేదీలను ‘చూడడానికి మాత్రమే’ అని ఎంతమందికైనా పంచవచ్చు. మామూలు జీమెయిలు ఖాతాలో ఫోన్ల జాబితాకు ఆ వీలు లేదు. అందుకని కొందరు ఒకే ఖాతా పాస్‌వర్డు పదిమందికీ ఇస్తుంటారు. అది ఇంటి తాళంచెవి ఊరందరికీ పంచినట్టే. చిన్న సంస్థకు నేను చెప్పేది ఇంకా తేలికైనది: ఒక డ్యూటీ ఫోను, ఒక నంబరు. షిఫ్టు మారినప్పుడు రిజిస్టరుతో పాటు ఆ ఫోనూ చేతులు మారాలి. జాబితా ఆ ఫోనులో ఉంటుంది, క్యాలెండరు అందరి ఫోన్లలో ఉంటుంది.

మన ప్రాంతానికి సంబంధించి ఒక మాట. సదాశివనగర్ దగ్గర హైవే మీద సిగ్నలు బాగానే ఉంటుంది. గాంధారి, లింగంపేట వైపు అడవి అంచున ఊళ్లకు పోతే నెట్టు వస్తూ పోతూ ఉంటుంది. ఒకసారి ఫోనులోకి దిగిన క్యాలెండరు నెట్టు లేకున్నా గుర్తు చేస్తుంది. కానీ ఆ ఉదయమే మారిన తేదీ మాత్రం నెట్టు వచ్చేదాకా చేరదు. కాబట్టి అదే రోజు జరిగిన మార్పును ఫోను చేసి చెప్పవలసిందే. క్యాలెండరులో మార్చేశాం కదా అని ఊరుకుంటే పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లి ఖాళీ వరండా చూసి వెనక్కి పోతుంది.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే విషయం. చాలా ఫోన్లలో పేర్లు ఎలా రాసి ఉంటాయి? ‘టీబీ లక్ష్మి’, ‘ఫిట్సు పోశవ్వ కొడుకు’. గుర్తుకోసం రాసుకున్నదే, చెడు ఉద్దేశం లేదు. కానీ ఆ జాబితా సింక్ అయితే ‘టీబీ లక్ష్మి’ పదిమంది జేబుల్లోకి పోతుంది. ఫోను చేసినవారి పేరు చూపే కొన్ని యాప్‌లు మన జాబితా చదవడానికి అనుమతి అడుగుతాయి, మనం చూడకుండా ‘సరే’ నొక్కుతాం. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఇంటికి ఆ ఒక్క మాట చాలు. హెచ్‌ఐవీ విషయంలో 2017 చట్టం ఉంది, నమ్మకంతో చెప్పిన ఆ సంగతిని సమ్మతి లేకుండా బయటపెట్టడాన్ని అది నిషేధిస్తుంది. టీబీకి, మానసిక రోగాలకు కూడా అదే మర్యాద పాటించాలి. పేరు, ఊరు రాయండి, చాలు. జబ్బు పేరు కేసు షీటులో ఉండాలి. నర్సులతో పాటు సంఘ పెద్దలకు, ప్రార్థన విన్నపాలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేవారికి కూడా ఇది వర్తిస్తుంది.

రోగుల కుటుంబాలు చేయవలసిందీ ఉంది. కార్డు మీద రాయించే నంబరు ఇంట్లో ఉండే ఫోనుది కావాలి. 2021లో కోవిడ్ టీకాలకు కోవిన్‌లో మొదట ఒక నంబరు మీద నలుగురిని నమోదు చేసేవారు, 2022 జనవరిలో ఆరుగురికి పెంచారు. పక్కింటివారి నంబరు ఇచ్చినవారు ఓటీపీ కోసం వాళ్ల గడపలో కూర్చోవలసి వచ్చేది. దుబాయికి పోయిన కొడుకు పాత నంబరు కార్డు మీద ఉంటే టీకా తేదీ గుర్తు చేయడానికి మేము ఎవరికి చేయాలి? అలాగని ఆ కొడుకును పక్కన పెట్టమని కాదు. అమ్మ బీపీ, షుగరు పరీక్షల తేదీలను కుటుంబ క్యాలెండరులో పెట్టి అతనితో పంచుకోండి. ఇక్కడ ఉదయం 9 గంటలకు పెట్టింది అక్కడ 7.30కి చూపిస్తుంది, గంటన్నర తేడాను ఫోనే సరిచేసుకుంటుంది. పనికి పోయే ముందు అతనే అమ్మకు ఫోను చేసి లేపుతాడు.

చివరిగా, 44వ జాతీయ రహదారి పక్కన ఉంటున్నాం కాబట్టి ఇది ఈ రోజే చేయండి. 2005లో ఇంగ్లండులో బాబ్ బ్రోచీ అనే అంబులెన్సు ఉద్యోగి, ప్రమాదంలో ఎవరికి చెప్పాలో వారి నంబరును ‘ఐసీఈ’ అనే పేరుతో ఫోనులో పెట్టుకోండని ప్రచారం చేశాడు. అప్పటి ఫోన్లకు చాలామంది తాళం వేసుకునేవారు కాదు. ఇప్పుడు వేలిముద్ర లేనిదే తెరుచుకోవు, లోపల ఎన్ని నంబర్లున్నా రోడ్డు మీద పడి ఉన్నవాడికి పనికిరావు. సెట్టింగుల్లో ఎమర్జెన్సీ సమాచారం అని ఉంటుంది. అక్కడ రాసిన నంబరు, రక్తం గ్రూపు తాళం తీయకుండానే ఇతరులకు కనిపిస్తాయి. చేతకాకపోతే ఇంట్లో పదో తరగతి పిల్లను అడగండి, రెండు నిమిషాల పని.