తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

ఇంట్లో అకస్మాత్తుగా ఆపద వస్తే ఏం చేయాలో మీ ఇంటివాళ్లకు తెలుసా? ఈ ప్రశ్న ఎవరినైనా అడిగి చూడండి. కొందరు "అల్లాహ్ దయ వల్ల అలాంటిదేమీ రాదు" అంటారు. మరికొందరు "అలాంటి మాటలు నోటితో అనకూడదు" అని కోప్పడతారు. కీడు గురించి మాట్లాడితే కీడు జరుగుతుందన్న భయం మన ఇళ్లలో కూడా పాతుకుపోయింది. దీనికి ధర్మంలో ఆధారం లేదు. ఇది ఉట్టి మూఢనమ్మకం.

ముందుగా నా సంగతే చెప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం పని మీద హైదరాబాదు వెళ్లాను. రాత్రి పదకొండు దాటాక బెల్లంపల్లి నుంచి ఫోన్ వచ్చింది. అమ్మీ స్పృహ తప్పి పడిపోయారు. ఇరుగుపొరుగు సాయంతో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. అక్కడ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, ఈమె రోజూ ఏ మందులు వాడుతున్నారు అని. నా భార్యకు మాత్రల రంగు తెలుసు, పేర్లు తెలియవు. చీటీలు, పరీక్షల కాగితాలు అన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. బీరువా తాళంచెవి హైదరాబాదులో నా జేబులో ఉంది. ఫోనులో మందుల పేర్లు చెప్పబోయి ఒక్కటీ సరిగా చెప్పలేకపోయాను. ఏళ్ల తరబడి పిల్లలకు పాఠాలు ఒప్పజెప్పించిన మనిషిని, ఆ రాత్రి నా పాఠం నేను ఒప్పజెప్పలేకపోయాను. అల్లాహ్ కరుణించాడు, అమ్మీ కోలుకున్నారు. కానీ ఆ తాళంచెవి ఈనాటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

మన ఇళ్లలో జాగ్రత్త లేదని నేను అనను. ఉంది. అయితే ఆ జాగ్రత్త అంతా ఒక్క మనిషి దగ్గర ఉంది. డబ్బు ఎక్కడుందో ఆయనకే తెలుసు. కాగితాలు ఎక్కడున్నాయో ఆయనకే తెలుసు. ఎవరికి ఫోన్ చేయాలో ఆయనకే తెలుసు. ఆపద మాత్రం ఆయన ఇంట్లో ఉన్న సమయం చూసుకుని రాదు. ఆయన డ్యూటీలో ఉంటాడు, ప్రయాణంలో ఉంటాడు, లేదా ఆపద వచ్చింది ఆయనకే అయి ఉంటుంది.

మన ఊరు బొగ్గు బాయిల ఊరు. ఇప్పుడు చాలా బాయిలు మూతపడ్డాయి గానీ, బాయి దిగిన మనిషి లేని వీధి బెల్లంపల్లిలో ఉండదు. ఆ పెద్దలను అడిగి చూడండి. లోపలికి దిగే ప్రతి మనిషి తలకు తన బత్తి తనకే ఉండాలి. పదిమంది కలిసి వెళుతున్నాం, ఒక బత్తి చాలదా అంటే ఎవరూ ఒప్పుకోరు. నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఎవరిది వారికే ఉండాలి. లోపల మంట పుట్టి విషవాయువు కమ్ముకుంటే బయటపడేంత సమయం ఇచ్చే పరికరం అది. గనికి బయటపడే దారులు రెండు ఉండాలన్నది చట్టం. ఇన్ని నియమాలున్నా ప్రమాదాలు జరిగాయి. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. నియమాలు ఉన్నచోటే అలా జరిగిందంటే, ఏ నియమమూ లేని మన ఇళ్ల సంగతేమిటి?

విచిత్రం చూడండి. బాయిలో కార్బన్ మోనాక్సైడు పేరు చెబితే హడలిపోయే మనిషే, పుష్య మాసపు చలిలో తలుపులు, కిటికీలు బిగించి బొగ్గు కుంపటి పక్కన పిల్లలను పడుకోబెడతాడు. రెండూ ఒకే విషం. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాడిని నిద్రలోనే తీసుకుపోతుంది. పడుకునే ముందు నిప్పు ఆర్పివేయమని ప్రవక్త మహనీయులు (స) బోధించిన సంగతి మనకు తెలియనిది కాదు. బాయిలో నేర్చిన జాగ్రత్తను గడప దగ్గరే వదిలేసి లోపలికి వస్తున్నాం.

2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. 1958లో ఒకసారి తెగిన కడెం ప్రాజెక్టుకు ఆ రాత్రి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. పద్దెనిమిది గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. దిగువ గ్రామాల ప్రజలను ఖాళీ చేయించారు. మన పక్కనే మంచిర్యాలలో కాలనీలు నీట మునిగాయి. మాతా శిశు ఆసుపత్రిలోకి నీళ్లు రావడంతో అక్కడున్న వారిని వేరే చోటికి తరలించవలసి వచ్చింది. అలాంటి రాత్రి ఎవరైనా మన తలుపు తట్టి "పది నిమిషాల్లో బయలుదేరండి" అంటే, ముసలి నానీని ఎవరు పట్టుకుంటారు? చంటిపిల్లను ఎవరు ఎత్తుకుంటారు? పిల్లల సర్టిఫికెట్లు ఎవరు తీస్తారు? ఈ మాటలు నీళ్లు గుమ్మంలోకి వచ్చాక మాట్లాడుకునేవి కావు.

"రాసిపెట్టింది తప్పదు గదా, అల్లాహ్ మీద భారం వేశాం" అనే సోదరులు ఉన్నారు. తవక్కుల్ అంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదు. ఒంటెను కట్టేసి ఆపైన దైవం మీద భరోసా ఉంచమన్న ప్రవక్త (స) ఉపదేశం అందరికీ తెలిసిందే. ఇంతకంటే పెద్ద ఉదాహరణ హిజ్రత్‌లో ఉంది. అది క్రీ.శ. 622. దైవసహాయం తోడున్న ప్రయాణం అది. అయినా హజ్రత్ అబూబకర్ (రజి) ఇల్లు ఎలా సిద్ధమయిందో చూడండి. నాలుగు నెలల ముందు నుంచే ఆయన రెండు ఒంటెలను మేపి ఉంచారు. కూతురు అస్మా (రజి) తన నడికట్టును చింపి దారి భోజనం మూట కట్టారు. కొడుకు అబ్దుల్లాహ్ పగలు మక్కాలో తిరిగి వార్తలు సేకరించి రాత్రి సౌర్ గుహకు చేర్చేవారు. ఆమిర్ బిన్ ఫుహైరా మేకలను అటు తోలుకొచ్చి పాలు అందించేవారు. దారి చూపడానికి కూలికి కుదుర్చుకున్న మనిషి ముస్లిం కూడా కాదు, అయినా ఆయనను నమ్మారు, ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఆ ఇంట్లో పని తెలియని మనిషి లేడు. ఆడపిల్ల అని ఎవరినీ పక్కన కూర్చోబెట్టలేదు.

మన ఇళ్లలో చేయవలసింది కూడా ఇదే. దీనికి పెద్ద ఖర్చు లేదు.

గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటరు ఎటు తిప్పి ఆపాలో పదేళ్లు దాటిన ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ చేయించి చూపించండి. ఒక రోజు క్లాసులో ఇది ఎవరికి వచ్చో చెప్పమంటే సగం చేతులు కూడా లేవలేదు. సిలిండరులోని గ్యాస్ గాలి కంటే బరువైనది. పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి తలుపులు బార్లా తెరవాలి, ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. అగ్నిప్రమాదానికి 101, అంబులెన్సుకు 108, ఏ ఆపదకైనా 112. ఈ నాలుగు అంకెలూ, దగ్గరి బంధువుల నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఫోనులో ఉన్నాయి గదా అనకండి, ఆ ఫోను కూడా మీ జేబులోనే ఉంటుంది.

పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టడం, కోసి రక్తం పీల్చడం మేలు కంటే కీడే చేస్తాయి. విరుగుడు మందు ఆసుపత్రిలో ఉంది. మనిషిని కదలనీయకుండా వెంటనే అక్కడికి చేర్చండి. దుఆ దారిలోనూ చదువుకోవచ్చు. మందు మాత్రం దారిలో దొరకదు.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, వైద్యం కాగితాలు నీరు దూరని ఒకే సంచిలో పెట్టండి. అది ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి. ఇంట్లో ఎవరు ఏ మందు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసి పెట్టండి. నాలుగు రోజుల మందులు, ఒక టార్చిలైటు, చేతి ఖర్చుకు కొంత నగదు ఇంటి ఇల్లాలి దగ్గర ఉండాలి. సింగరేణి కార్మికులకు మరో మాట. కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండులో, బ్యాంకులో నామినీగా ఎవరి పేరు ఉందో ఒకసారి చూసుకోండి. పెళ్లికి ముందు రాయించిన పేరు పిల్లలు పెద్దవాళ్లయినా మార్చని వారున్నారు. ఆ నిర్లక్ష్యానికి మూల్యం చెల్లించేది మీరు కాదు, మీ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగే మీ భార్య.

ఇక పొరుగువారు. అర్ధరాత్రి బండి తీసేది, మొదటి చేయి వేసేది దూరాన ఉన్న బంధువు కాదు, పక్కింటివాడు. ఆయన ఏ మతస్థుడన్నది ఆ రాత్రి ఎవరూ అడగరు. ఆయనకు మీ ఇల్లు తెలిసి ఉండాలి, ఆయన ఇంటి ఆపదలో మీరూ నిలబడాలి.

సోదర సోదరీమణులారా! ఇల్లు, ఇల్లాలు, పిల్లలు మన చేతిలోని అమానత్. దాన్ని కాపాడటమంటే తాళం వేసి చెవి జేబులో వేసుకోవడం కాదు. ఈ జుమా నమాజు చదివి ఇంటికి వెళ్లాక భోజనం దగ్గర అందరినీ కూర్చోబెట్టండి. "నేను లేనప్పుడు ఏదైనా జరిగితే మీరేం చేస్తారు?" అని అడగండి. మొదట అందరూ మౌనంగా ఉంటారు, పెద్దవాళ్లు కోప్పడతారు కూడా. ఓపికగా మళ్లీ అడగండి. ఆ తర్వాత లేచి, బీరువాకు రెండో తాళంచెవి చేయించండి.

నేను చేయించాను. అది నా భార్య కొంగుకు ఉంది.