చెకప్ కబురు ఎవరి చెవిన పడాలి?



స్కూల్లో కంటి, పంటి పరీక్షల క్యాంపు జరిగిన కొద్ది రోజులకు ఆసుపత్రి నుంచి మీకు ఫోన్ వస్తుంది: "పాపను మళ్లీ చెకప్‌కి ఎప్పుడు తీసుకొస్తారు?" గుర్తుచేయడం మంచిదే. చాలాసార్లు మనం మరిచిపోతాం కూడా. కానీ ఆ ఫోన్ ఎవరు ఎత్తినా సమస్య ఏమిటో చెప్పేస్తే? కళ్లద్దాలు కావలసిన పిల్లల జాబితా క్లాసు వాట్సాప్ గ్రూపులోకి వస్తే? మర్నాటికల్లా ఆ బిడ్డకు ఓ వెక్కిరింపు పేరు సిద్ధం.

రోగి వివరాలు గోప్యంగా ఉంచాలనీ, ప్రకటనలతో రోగులను ఆకర్షించరాదనీ డాక్టర్లకు భారత వైద్య మండలి 2002లోనే నిబంధన పెట్టింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి ప్రత్యేక రక్షణ ఇచ్చింది.

నా అభిప్రాయం ఒక్కటే. ఫోన్‌లో తేదీ, సమయం చెబితే చాలు. పరీక్షలో ఏం తేలిందో అమ్మానాన్నలకే చెప్పాలి.

ఈసారి క్యాంపు అంగీకార పత్రం ఇంటికొచ్చినప్పుడు వెంటనే సంతకం పెట్టేయకండి. "మా నంబరు ఎవరికి ఇస్తారు? దేనికి వాడతారు?" అని ముందు అడగండి. ఆసుపత్రినే కాదు, మన స్కూలునూ అడగండి. మన పిల్లల తరఫున అడగాల్సింది మనమే.