టైరు చెప్పే సంగతులు



ఒకసారి మీ చెప్పులు తిరగేసి అడుగు చూడండి. మడమ దగ్గర రెండు వైపులా సమంగా అరిగిన చెప్పు కనపడటం చాలా అరుదు. కొందరికి బయటి అంచు అరుగుతుంది, కొందరికి లోపలి అంచు. అనుభవం గల చెప్పులు కుట్టేవాడు ఆ అరుగుదల చూసి, చెప్పులు తొడుక్కున్న మనిషి ఎలా నడుస్తాడో మనిషిని చూడకుండానే చెప్పేస్తాడు. కారుకు టైర్లు చెప్పుల వంటివే.

కిందటి నెల ఆరో తరగతి చదివే ఒక అమ్మాయి దగ్గిర నుంచి మాకు ఉత్తరం వచ్చింది. ఆడుకుంటూ వుంటే బంతి కారు కిందికి దొర్లిందట. దానికోసం ఆ అమ్మాయి నేలమీద పడుకుని చెయ్యి జాపేసరికి ముందు టైరు లోపలి అంచు కనపడింది. అక్కడ గాడులు లేవు. గుండులాగా నున్నగా వుంది. ఒకచోట సన్నటి తీగలు మెరుస్తున్నాయి. వెళ్ళి నాన్నగారితో చెప్పింది. ఆయన వచ్చి, నిలబడి చూసి, "బాగానే వుందిగా! కొని ఏడాదిన్నర కూడా కాలేదు," అన్నారు. నిలబడి చూసేవాళ్ళకు బయటి అంచే కనపడుతుంది మరి! అమ్మాయి పట్టుబట్టి ఆయన చేత వంగి చూపించింది. అప్పుడాయన, "టైరు అమ్మినవాడు నాసిరకం సరుకు అంటగట్టాడు," అని మండిపడ్డారు.

"ఆయన నిజంగా మోసం చేసినట్టేనా? సెలవులకు మేము ఆ కారులోనే అమ్మమ్మగారి ఊరు వెళ్ళాలి," అని రాసింది ఆ అమ్మాయి.

పత్రిక మీ చేతికి వచ్చేలోపల సెలవులు వచ్చేస్తాయి కనక, ఆ టైరుతో ఊరి పొలిమేర కూడా దాటవద్దని ఆమెకు విడిగా ఒక కార్డు రాసి పడేశాము. తీగలు పైకి కనపడుతున్నాయంటే, లోపలి గాలిని అదిమి పట్టి వుంచే కట్టే బయట పడిందన్న మాట. ఎండలో వేగంగా పోయేటప్పుడు అటువంటి టైరు పేలిపోవచ్చు. ముందు చక్రం పేలితే కారును అదుపులో వుంచటం చాలా కష్టం.

ఇక మోసం సంగతి. నాసిరకం టైరు అయితే వెడల్పు పొడుగునా త్వరగా అరగాలి. ఒక అంచు గుండై, రెండో అంచు కొత్తగా వుంటే మాత్రం ముందుగా టైరును తిట్టకూడదు. దాన్ని తొడుక్కున్న కారు ఎలా నడుస్తున్నదో చూడాలి.

మొదట ఒక చిన్న లెక్క చెయ్యండి. 1,000 కిలోల కారు నాలుగు టైర్ల మీద నిలబడితే ఒక్కొక్క దాని మీద సుమారు 250 కిలోల బరువు పడుతుంది. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు అనుకోండి. (గాలి కొట్టే కుర్రవాడు "30" అనేది దాదాపు ఇంతే. అతని లెక్క చదరపు అంగుళానికి పౌన్లు.) 250ని 2 చేత భాగిస్తే 125. అంటే ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఉరమరగా 125 చదరపు సెంటీమీటర్లు, పెద్దవాళ్ళ అరచెయ్యంత! కారు నడిచినా, మలిగినా, ఆగినా అంతా ఆ నాలుగు అరచేతుల మీదనే.

గాలి తగ్గితే ఆ అరచెయ్యి పెద్దదవుతుంది. అయితే నడిమి భాగం లోపలికి నొక్కుకుని, బరువంతా రెండు అంచుల మీద పడుతుంది. కాబట్టి రెండు అంచులూ అరిగి మధ్య నిలుస్తుంది. పైగా టైరు పక్కలు మాటిమాటికీ మడత పడి వేడెక్కిపోతాయి. గాలి మరీ ఎక్కువైతే దీనికి సరిగ్గా తలకిందులు: టైరు పొట్ట ఉబ్బి నడుమ మాత్రమే అరుగుతుంది. నెలకొకసారి గాలి చూపిస్తే ఈ రెండు బాధలూ వుండవు. టైరు చల్లగా వున్నప్పుడే చూపించాలి. దూరం నడిచిన టైరులో గాలి వేడెక్కి, ఒత్తిడి వున్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

ఒక్క అంచే అరగటం వేరు. కారును ఎదురుగా నిలబడి చూస్తే చక్రం నిటారుగా కాక పైభాగం లోపలికి వాలి వుందనుకోండి, లోపలి అంచు మీద బరువు పడుతుంది. ఇది ఒక కారణం. రెండో కారణం ఇంతకన్నా చెడ్డది, కంటికి బొత్తిగా ఆనదు. పైనుంచి చూస్తే ముందు చక్రాలు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా కాక, బాతు పాదాల్లాగా కాస్త ఎడంగా తిరిగి వుంటాయి. అప్పుడు కారు ఒక దిక్కుకు పోతుంది, చక్రం మరొక దిక్కుకు పోవాలని చూస్తుంది. పాపం, టైరు దొర్లుతూనే పక్కకు ఈడవబడుతుంది.

దీన్ని మీరు ఇంట్లోనే చూడవచ్చు. గుండ్రటి సుద్దముక్కను పలక మీద పడుకోబెట్టి, నెమ్మదిగా తిన్నగా దొర్లించండి. పెద్దగా గీత పడదు. ఇప్పుడు కొంచెం ఏటవాలుగా తోస్తూ దొర్లించండి. పలక మీద తెల్లటి చార పడుతుంది. ఆ తెల్లదనమంతా సుద్ద ఒంట్లోంచి పోయిందే కదా!

చక్రం అర డిగ్రీ పక్కకు తిరిగి వుంటే, కిలోమీటరుకు సుమారు 9 మీటర్లు పక్కకు ఈడ్చినట్టవుతుంది. అర డిగ్రీ అంటే ఎంతో మీ జామెట్రీ పెట్టెలోని కోణమానిలో చూడండి, వేలు పెట్టి చూపించలేరు! అయినా 10,000 కిలోమీటర్లు తిరిగేసరికి ఆ ఈడ్పు దాదాపు 87 కిలోమీటర్లు అవుతుంది. ఏడాదిన్నరకే తీగలు తేలటంలో వింతేముంది?

ఇంత తేడా ఎలా వస్తుందంటారా? కారు ఒక్క గట్టి గుంటలో దభీమని పడినా చాలు. స్టీరింగు కడ్డీల కీళ్ళు అరిగినా వస్తుంది. చక్రాల అమరిక చూసే దుకాణంలో యంత్రం మీద కొలిచి సరిచేస్తారు. అది చేయించకుండా కొత్త టైరు వేస్తే, కొత్తదీ పాతదాని దారినే పోతుంది.

షాక్ అబ్జార్బర్లు పాడైన కారులో చక్రం గంతులేస్తూ, టైరును అక్కడక్కడా గుంటలు పడేటట్టు తింటుంది. ముందు టైర్లను వెనక్కీ, వెనకవి ముందుకూ 8,000, 10,000 కిలోమీటర్లకు ఒకసారి మార్చటం కూడా మంచిదే. మలుపుల శ్రమ ఎక్కువగా ముందువాటిదే, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పడేదీ వాటి మీదనే.

గాడులు ఉన్నది అందానికి కాదు. వానలో నీటిని పక్కకు తోసెయ్యటానికి. నున్నటి టైరు నీటి మీద తేలి జారుతుంది. గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి, ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి అరిగి ఆ దిమ్మలతో సమానమైతే దాని ఆయుష్షు తీరినట్టే. కారు ఆపి, తాళం తీసి, పక్కన పెద్దవాళ్ళు వున్నప్పుడే వీటిని వెతకండి. తీగలు కనపడే చోట చెయ్యి పెట్టకండి, కోసుకుంటుంది.

అరిగిన రబ్బరంతా ఏమవుతుందని మీలో ఎవరో అడిగే వుంటారు. దుమ్మై రోడ్డు మీద పడి, వానకు కాలువల్లోకి పోతుంది. అమెరికా పడమటి తీరంలో వానలు పడగానే కోహో సాల్మన్ అనే చేపలు వాగుల్లో చచ్చిపోతూ వుండేవి. ఎందుకో చాలా ఏళ్ళు తెలియలేదు. టైర్లు చెడకుండా కలిపే ఒక మందు గాలిలోని ఓజోనుతో కలిసి విషంగా మారటమే కారణమని 2020లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు.

మళ్ళీ ఉత్తరం రాసిన అమ్మాయికి: నీ ప్రశ్నకు సగం జవాబే ఇచ్చాము. రెండో వైపు ముందు టైరు లోపలి అంచు ఎలా వుందో నువ్వు రాయలేదు. అదీ ఇలాగే గుండైతే చక్రాలు బాతు పాదాలైనట్టే. ఈ ఒక్కటే అయితే చక్రం వాలిందేమో చూడాలి. ఈసారి బంతి లేకుండానే పడుకుని చూసి రాయి. మీ నాన్నగారిని కూడా పక్కన వుండమను.