పిల్లి మూత్రాశయము, మెదడు, సిరటోనిన్

పక్క మీదనో, ఉతికి మడిచిన బట్టల మీదనో మూత్రము విడిచిన పిల్లిని, అది పంతము పట్టి చేసిన పనియని తలచి చీపురుతో తరిమెడి ఇండ్లను నేనెరుగుదును. ఆ మూత్రమున నెత్తుటి చార యున్నదేమోయని వంగి చూచినవారిని మాత్రము అరుదుగా చూచితిని. కోపించినవారు దుర్మార్గులు కారు. అది రోగమని వారికెవ్వరును చెప్పలేదు.

దీర్ఘకాలిక మూత్రాశయ శోథతో బాధపడు పిల్లి మాటిమాటికి ఇసుక తొట్టెలో కూర్చుండి ముక్కును, బొట్టుబొట్టుగా విడుచును, నొప్పికి అరచును. పరీక్షింపగా పెక్కు పిల్లులలో సూక్ష్మజీవియు కానరాదు, రాయియు కానరాదు. అయినను యాంటీబయాటిక్ సూదులు పడుచునే యుండును. వారము దినములలో బాధ తరచు తనంతట తానే శమించును గనుక, సూది వలననే తగ్గినదని అందరును నమ్ముదురు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున టోనీ బఫింగ్టన్ దీనిని చిరకాలము పరిశోధించి, ఇట్టి పిల్లులలో అపాయమునకు దేహమును మేల్కొలుపు నాడీవ్యవస్థ అతిగా పనిచేయుచుండుటను, దానికి తగినట్లు స్పందింపవలసిన అధివృక్క గ్రంథులు మందగించి యుండుటను కనుగొనెను. వ్యాధి కనబడునది మూత్రాశయమున. దాని వేళ్లు మాత్రము మెదడు వరకు ప్రాకినవి.

సిరటోనిన్ కథ ఇచ్చటనే ప్రవేశించును. 1948లో అదే ఒహాయో రాష్ట్రమందలి క్లీవ్‌లాండున రక్తమునుండి వేరుచేయబడి, రక్తనాళములను ముడుచుకొనజేయు గుణము వలన ఆ పేరు పొందిన యీ పదార్థము, మెదడు కాండములోని కేంద్రకములనుండి వెన్నుపాములోనికి దిగు నాడుల ద్వారా మూత్రాశయమును శాంతపరచి, దాని ద్వారమును కాచు కండరమునకు బలము చేకూర్చును. అయితే, అదే పదార్థము మూత్రాశయ సమీపమందలి నాడులను తాకినప్పుడు శాంతింపజేయుటకు మారుగా రేపగలదు. స్థానభేదము వలన గుణభేదము! 1995లో ప్రకటితమైన ఒక ప్రయోగమున, మత్తులోనున్న పిల్లుల మూత్రాశయమును ఆమ్లముతో రేపి, సిరటోనిన్‌ను, నారెడ్రినలిన్‌ను నాడీసంధులలో నిలిపియుంచు డులాక్సెటిన్ అను మనుష్యుల మందు ఇయ్యగా, ఆ మూత్రాశయము మునుపటికన్న అధికముగా మూత్రమును నిలుపుకొనగలిగెను.

ఇది చదివి, మనుష్యుల మందులపెట్టెను తెరువబోవువారిని చేతులెత్తి వారించుచున్నాను. ప్రయోగశాలలో రేపిన మూత్రాశయము వేరు, ఏండ్ల తరబడి బెదరిన పిల్లి వేరు. డులాక్సెటిన్ వంటి మరియొక మందైన అమిట్రిప్టిలిన్ తీవ్రవ్యాధి గల కొన్ని పిల్లులకు నెలల తరబడి వాడినప్పుడు ఉపకరించినదే గాని, కొద్దిదినముల వాడుక వలన మేలు కానరాలేదు. అట్టి మందు పశువైద్యుని యాజ్ఞ లేక తగదు. నొప్పికని మనము మ్రింగు పారసిటమాల్ పిల్లికి విషము.

మందుకు ముందు ఇల్లు మారవలెనని నా దృఢాభిప్రాయము. 2006లో ప్రకటితమైన బఫింగ్టన్ బృందపు అధ్యయనమున 46 పిల్లులకు దాగుటకు చోటు, ఎక్కి కూర్చుండుటకు ఎత్తు, శుభ్రమైన తొట్టె, కలహము లేని తిండి మొదలైనవి సమకూర్ప యత్నింపగా, పది నెలలలో మూత్రబాధయు, భయమును కూడ తగ్గినవి. చిన్న అపార్టుమెంటులోనైనను ఒక అట్టపెట్టెయు, తొట్టెకు దూరముగా ఒక నీటిగిన్నెయు ఉంచుట కష్టము కాదు.

ఒక్క సంగతి మరువకుడు. మగపిల్లి ముక్కుచు ఒక్క బొట్టైనను విడువలేకున్నచో, మూత్రమార్గము మూసుకొనిపోయినదని భావించి ఆ గంటకే పశువైద్యుని కడకు కొనిపొండు. ఒకటి రెండు దినముల యాలస్యము దాని ప్రాణము తీయగలదు.