కూర్చోనివ్వని చోట ఆరోగ్య శిబిరం

ఈమధ్య కంపెనీలకు ఉద్యోగుల ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది. ఏడాదికోసారి రక్తపరీక్షలు, యోగా తరగతులు, ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఉపన్యాసాలు. దీనికి 'వెల్‌నెస్' అని పేరు. రక్తహీనతో, షుగరో ముందుగా బయటపడితే మంచిదే, కాదనను. కానీ జబ్బుకు కారణం పనిలో కాక, పనిచేసే మనిషి అలవాట్లలోనే ఉందనడం దగ్గరే నాకు పేచీ.

ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేసే స్త్రీలతో మాట్లాడాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నిలబడే ఉంటారు. కొనేవాళ్లు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. పాయిఖానా రెండంతస్తుల పైన, అదీ అడిగి వెళ్లాలి. అందుకని నీళ్లు తాగడమే తగ్గించేశారు. కాళ్లవాపులు, నరాలుబ్బడం, మూత్రంలో మంట చాలామందికి ఉన్నవే. శిబిరానికొచ్చిన డాక్టరు మాత్రం నీళ్లు బాగా తాగమనీ, ఓ గంట ముందు లేచి నడవమనీ చెప్పి వెళ్లాడట. నాలుగింటికి లేచి వండిపెట్టి వచ్చే ఒకామె నవ్వింది: "అంటే మూడింటికి లేవాలా మేడమ్?"

నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటుండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే రాశారు. అది దుకాణాలకు వర్తించలేదు. కోళికోడ్ మిఠాయి వీధిలో దుకాణాల స్త్రీలు, పి. విజి నాయకత్వాన 'పెంకూట్టు'గా కూడి, పాయిఖానా కోసం, కుర్చీ కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో కేరళ తన దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా. నా లెక్కలో అసలైన ఆరోగ్య కార్యక్రమం అది.

అమెరికాలో ఒక పెద్ద దుకాణాల సంస్థలో 160 పనిస్థలాల్లో, దాదాపు 33,000 మంది ఉద్యోగుల మధ్య జరిపిన పరిశోధన 2019లో వెలువడింది. ఏడాదిన్నర తర్వాత, వ్యాయామం చేస్తున్నామని చెప్పేవాళ్లు పెరిగారు. రక్తపోటులో, వైద్యఖర్చులో, సెలవుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకో సంగతి. గర్భం, నెలసరి, బరువు అన్నీ రాసుకునే ఆ కాగితం ఎవరి బీరువాలో ఉంటుంది? కడుపుతో ఉన్నట్టు తెలిస్తే పని పోతుందని భయపడే చోట ఇది చిన్న ప్రశ్న కాదు.

శిబిరాలకు సహకరించమని కంపెనీలు మన సంస్థల దగ్గరికే వస్తున్నాయి. వెళ్దాం. కానీ ముందు ఆ అంతస్తులో పాయిఖానా ఎక్కడుందో, కుర్చీలెన్ని ఉన్నాయో మనమే వెళ్లి చూసి, రిపోర్టు ఆమె చేతికే ఇస్తామని యాజమాన్యం రాసిచ్చాక.